నాలుగంకెల సెవెన్ సెగ్మెంట్ డిస్‌ప్లే: టెంపరేచర్ చదివిన ప్రతిసారీ చివరి అంకె ఒక్కటే వెలుగుతోంది, మిగతా మూడూ ఆరిపోతున్నాయి

పొదిగేపెట్టె:

అందరికీ నమస్తే. మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె. నాటుకోళ్లు పెంచడం మొదలుపెట్టి రెండేళ్లయింది. గుడ్లు పొదిగించడానికి పెద్ద థర్మకోల్ పెట్టెతో సొంతంగా ఇంక్యుబేటర్ చేసుకున్నాను. లోపల రెండు 60 వాట్ల బల్బులు, పాత కంప్యూటర్‌లోంచి తీసిన చిన్న ఫ్యాను, ఒక నీళ్ల గిన్నె. బల్బుల్ని ఆన్ ఆఫ్ చేయడానికి ఆర్డుయినో ఊనో (ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న బోర్డు), రిలే మాడ్యూల్ (బోర్డు చెబితే ఆన్ ఆఫ్ అయ్యే స్విచ్), లోపల వేడి కొలిచే డీఎస్18బీ20 సెన్సర్. 37.5 డిగ్రీల దగ్గర నిలబెడుతున్నాను, అంతవరకు బాగానే ఉంది. నా బాధంతా డిస్‌ప్లేతోనే.

మొన్న హైదరాబాద్ వెళ్లినప్పుడు కోఠి గుజరాతీ గల్లీలో నాలుగంకెల ఎర్ర డిస్‌ప్లే ఒకటి కొన్నాను. పక్కన 5641ఏఎస్ అని ఉంది, కింద 12 కాళ్లు. ఎల్‌సీడీ ఎందుకు పెట్టలేదని అడుగుతారేమో, మా అమ్మకు చూపు కొంచెం మందగించింది, రాత్రి లేచినప్పుడు గుమ్మం దగ్గర నుంచే అంకె కనపడాలి, నేను ఊళ్లో లేని రోజు ఆమే చూసుకోవాలి.

వైరింగ్ ఇలా ఉంది. ఎనిమిది సెగ్మెంట్ కాళ్లు (అంకెను గీసే ఏడు గీతలు, ఒక చుక్క) నేరుగా ఆర్డుయినో 2 నుంచి 9 పిన్నులకు. అంకెల కామన్ కాళ్లు (ఒక్కో అంకె మొత్తానికి ఉమ్మడిగా ఒకటి) నాలుగూ 10 నుంచి 13 పిన్నులకు, ఒక్కోదాని మధ్యలో ఒక 220 ఓమ్స్ రెసిస్టర్. నా దగ్గర రెసిస్టర్లు నాలుగే ఉన్నాయి కాబట్టి అటువైపు పెట్టాను. ప్రోగ్రామ్‌లో లూప్ (మళ్లీ మళ్లీ తిరిగే భాగం) మొదలవగానే టెంపరేచర్ చదువుతాను, తరువాత ఒక్కో అంకె వెలిగించి 5 మిల్లీసెకన్ల డిలే, ఇలా నాలుగంకెలనూ 50 సార్లు తిప్పి మళ్లీ మొదటికి వస్తాను.

ఇబ్బందులు చెబుతాను. టెంపరేచర్ చదివేటప్పుడు ముప్పావు సెకను పాటు చివరి అంకె ఒక్కటే గట్టిగా వెలిగి మిగతా మూడూ ఆరిపోతాయి. 37.18 లాంటిది వస్తే 1 చాలా గట్టిగా, 8 మసకగా కనిపిస్తుంది. ఒక్కో అంకె మీద పక్క అంకె నీడలా లేతగా పడుతోంది. అన్నిటికంటే టెన్షన్ పెట్టేది ఏంటంటే, రోజుకు ఒకటి రెండుసార్లు ఉన్నట్టుండి 85.00 అని వచ్చి రిలే బల్బుల్ని ఆపేస్తోంది, మళ్లీ మామూలవుతుంది. డిస్‌ప్లే పాడైన సరుకా? ఈ నెలాఖరుకు 60 గుడ్లు పెట్టాలి, అప్పటికి సరిచేసుకోవాలని చూస్తున్నాను. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.

ల్యాబ్_మాస్టారు:

బాబూ, డిస్‌ప్లేలో తప్పేమీ లేదు, దాన్ని పారేయకు. నేను పాలిటెక్నిక్ ల్యాబ్‌లో చాలా ఏళ్లు పనిచేశాను, పిల్లలు తెచ్చిన బోర్డుల్లో ఇదే జబ్బు ఎన్నోసార్లు చూశాను.

ముందు ఒకటి అర్థం చేసుకో. నాలుగంకెలూ ఎప్పుడూ ఒకేసారి వెలగవు. సెగ్మెంట్ తీగలు నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నాయి కాబట్టి ఏ క్షణంలో చూసినా వెలిగేది ఒక్క అంకే. మనం గబగబా తిప్పుతుంటే కన్ను దాన్ని నాలుగంకెలుగా చదువుకుంటుంది. అంటే తిప్పడం ఒక్క క్షణం కూడా ఆగకూడదు. నీ ప్రోగ్రామ్‌లో డీఎస్18బీ20 దగ్గర అది ఆగుతోంది. ఆ సెన్సర్ 12 బిట్ల రీడింగ్ తయారు చేయడానికి 750 మిల్లీసెకన్ల వరకు తీసుకుంటుంది, లైబ్రరీ మామూలుగా ఆ రీడింగ్ అయ్యేదాకా అక్కడే కూర్చుంటుంది. అంతసేపూ చివరగా వెలిగించిన అంకె అలాగే ఉండిపోతుంది. నువ్వు చెప్పిన ముప్పావు సెకను లెక్క సరిగ్గా ఇదే. 9 బిట్లకు తగ్గిస్తే 94 మిల్లీసెకన్లకు దిగుతుంది కానీ అప్పుడు అర డిగ్రీ మెట్లలోనే చూపిస్తుంది, గుడ్ల పెట్టెకు అది చాలదు. పైగా 94 అయినా కంటికి కనపడుతుంది.

కాబట్టి అంకెలు తిప్పే పని లూప్ చేతుల్లోంచి తీసెయ్. టైమర్ ఇంటరప్ట్‌కు అప్పగించు, అంటే చిప్‌లోని టైమర్ నిర్ణీత సమయానికోసారి లూప్‌ను కాసేపు ఆపి నడిపించే చిన్న పనికి. ఊనోలో టైమర్1 తీసుకో, టైమర్0 జోలికి వెళ్లకు, మిల్లిస్, డిలే అన్నీ దాని మీదే నడుస్తాయి. బోర్డు గడియారం 16 మెగాహెర్ట్జ్‌ను ప్రీస్కేలర్ (వేగం తగ్గించే భాగం) 64తో భాగిస్తే సెకనుకు 250000 టిక్కులు. 2 మిల్లీసెకన్లకు 500 టిక్కులు. సీటీసీ మోడ్‌లో (అనుకున్న లెక్కకు చేరగానే మళ్లీ సున్నాకు వచ్చే పద్ధతి) పెట్టి కంపేర్ రిజిస్టర్‌లో 499 రాయి, లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి ఒకటి తక్కువ. 2 మిల్లీసెకన్లకొక అంకె అంటే నాలుగంకెలకు 8, సెకనుకు 125 చుట్లు. ఇప్పుడు నీది 20 మిల్లీసెకన్లకు ఒక చుట్టు, అంటే సెకనుకు 50. చూపు కాస్త పక్కకు తిప్పితే మిణుకుమిణుకుమంటూ ఉండాలి, గమనించావో లేదో.

ఇంటరప్ట్ లోపల చేయాల్సిన పని చాలా చిన్నది. వరుస మాత్రం తప్పకూడదు. ముందు నాలుగంకెలూ ఆర్పు. తరువాత సెగ్మెంట్ పిన్నుల మీద కొత్త అంకె ఆకారం పెట్టు. ఆ తరువాతే ఆ అంకె వెలిగించు. నీకు పక్క అంకె నీడ పడుతోందంటే ఈ వరుస తప్పిందన్నమాట. పాత అంకె ఇంకా వెలుగుతుండగానే సెగ్మెంట్లు మారుస్తున్నావు, ఎనిమిది డిజిటల్‌రైట్లకు (పిన్నును ఆన్ ఆఫ్ చేసే కమాండ్) ఊనోలో 30, 40 మైక్రోసెకన్లు పడుతుంది, ఆ కాసేపట్లో కొత్త ఆకారం పాత చోట లేతగా కనపడుతుంది. సెకనుకు 50 సార్లు అదే జరిగితే కన్ను పట్టేస్తుంది.

భాగాహారాలు, దశాంశాలు ఇంటరప్ట్‌లో పెట్టకు. ఈ చిప్‌కు భాగాహారం చేసే హార్డ్‌వేర్ లేదు, అంతా సాఫ్ట్‌వేర్‌లోనే చేసుకోవాలి, నెమ్మది. లూప్‌లోనే నాలుగు అంకెలు విడగొట్టి, వాటి ఆకారాలను నాలుగు బైట్ల అర్రేలో పెట్టు, ఆ అర్రేకు వోలటైల్ (ఇంటరప్ట్ కూడా దీన్ని వాడుతుందని కంపైలర్‌కు చెప్పే మాట) అని రాయడం మరవకు. ఇంటరప్ట్ ఆ అర్రే చూసి వెలిగిస్తుంది, అంతే.

ఆకారాలు రాసిపెడుతున్నాను, ఎడమ నుంచి చుక్క, జి, ఎఫ్, ఇ, డి, సి, బి, ఎ వరుస. ఇవి ఎప్పటికీ పనికొస్తాయి:

0 అంటే 00111111
1 అంటే 00000110
2 అంటే 01011011
3 అంటే 01001111
4 అంటే 01100110
5 అంటే 01101101
6 అంటే 01111101
7 అంటే 00000111
8 అంటే 01111111
9 అంటే 01101111

చుక్క కావాలంటే ఎడమ చివరి 0ను 1 చెయ్యి. ఏఎస్ అంటే కామన్ క్యాథోడ్ (అంకె ఉమ్మడి కాలు మైనస్), దానికి ఇవి ఉన్నవున్నట్టు సరిపోతాయి. బీఎస్ అని ఉంటే కామన్ యానోడ్ (ఉమ్మడి కాలు ప్లస్), అన్ని 0లూ 1లు, 1లు 0లు చేసుకోవాలి.

ఇక సెన్సర్. డల్లాస్ లైబ్రరీలో (నీ డీఎస్18బీ20ను చదివేది) సెట్ వెయిట్ ఫర్ కన్వర్షన్ అనే ఫంక్షన్ ఉంది, దానికి ఫాల్స్ ఇవ్వు. అప్పుడు రీడింగ్ అడిగి వెంటనే వెనక్కి వచ్చేస్తుంది. మిల్లిస్‌తో టైమ్ చూసుకుంటూ ఒక సెకను తరువాత వెళ్లి విలువ తెచ్చుకో, తెచ్చుకున్న వెంటనే తరువాతి దాన్ని అడుగు.

రాగితీగ:

మాస్టారు గారు చెప్పిన దానికి చేర్పు, రెసిస్టర్ల సంగతి. బ్రదర్, ఇది జాగ్రత్తగా చదువు, ఎందుకంటే చాలామంది నీకు రెసిస్టర్లు సెగ్మెంట్ల వైపు మార్చుకో అని మాత్రం చెప్పి వదిలేస్తారు, అలా మార్చి ఊరుకుంటే ఆర్డుయినో పిన్ను పోవచ్చు.

1 గట్టిగా, 8 మసకగా ఎందుకంటే అంకె మొత్తానికి దారి ఒక్క రెసిస్టరే. 5 వోల్టుల్లో ఎర్ర ఎల్‌ఈడీ దగ్గర 2 పోతే మిగిలిన 3 వోల్టులను 220తో భాగిస్తే దాదాపు 13.6 మిల్లీఆంపియర్లు. 1లో దాన్ని రెండు సెగ్మెంట్లు పంచుకుంటాయి, ఒక్కోదానికి 7 దాకా వస్తుంది. 8లో ఏడు పంచుకుంటాయి, ఒక్కోదానికి 2 కూడా రాదు. బావిలో నీళ్లు అవే, బిందెలు పెరిగాయి.

అందుకని ఒక్కో సెగ్మెంట్‌కు ఒక రెసిస్టర్ పెట్టడమే సరైన పద్ధతి. కానీ అవే 220లు ఎనిమిది పెట్టి అంకె కాలును నేరుగా పిన్నుకు కలిపితే, 8 వెలిగినప్పుడు ఏడు 13.6లు, అంటే 95 మిల్లీఆంపియర్లు ఒకే పిన్నులోకి దిగుతాయి. ఊనో మీదున్న చిప్ ఏటీమెగా 328పీ డేటాషీట్‌లో ఒక పిన్నుకు దాటకూడని గీత 40. ఆ 40 కూడా ఎప్పుడూ వాడుకోమని ఇచ్చింది కాదు, అది దాటితే చిప్ దెబ్బతింటుందని చెప్పే హద్దు. 20 లోపు ఉంచుకుంటే మంచిది. ఇన్నాళ్లూ నువ్వు అంకెల వైపు పెట్టిన ఆ నాలుగు రెసిస్టర్లే నీ పిన్నుల్ని కాపాడాయి.

నీ ముందు మూడు దార్లున్నాయి.

మంచి దారి: సెగ్మెంట్లకు ఎనిమిది 330 ఓమ్స్, అంకెలకు నాలుగు బీసీ547 ట్రాన్సిస్టర్లు. సెగ్మెంట్‌కు 9 మిల్లీఆంపియర్ల లెక్కన చుక్కతో కలిపి 8 సెగ్మెంట్లకు 70 చిల్లర, బీసీ547 గరిష్ఠం 100, సరిపోతుంది. ఎమిటర్ గ్రౌండ్‌కు, కలెక్టర్ అంకె కాలికి, బేస్‌కు పిన్ను నుంచి 1 కిలో ఓమ్. ఇప్పుడు పిన్ను హై ఉంటే అంకె వెలుగుతుంది, లో ఉంటే ఆరుతుంది, నీ పాత ప్రోగ్రామ్‌కు పూర్తిగా తిరగబడుతుంది, మర్చిపోకు. కాళ్లు చూసుకుని పెట్టు, బీసీ547 చదును ముఖం నీ వైపు, కాళ్లు కిందికి పెట్టుకుంటే ఎడమ నుంచి కలెక్టర్, బేస్, ఎమిటర్. ప్లాస్టిక్ 2222లు చాలావాటిలో ఇది తారుమారు, అక్కడే చాలామంది పొరబడతారు.

ట్రాన్సిస్టర్లు దొరకకపోతే: సెగ్మెంట్లకు ఎనిమిది 1 కిలో ఓమ్ పెట్టి అంకెల్ని నేరుగా పిన్నులకే ఇవ్వు. సెగ్మెంట్‌కు 3, అంకెకు 21, చుక్కతో 24. పగలు ఎండలో కనపడకపోవచ్చు, గదిలో రాత్రిపూట బాగానే కనపడుతుంది.

మూడోది నాకు ఇష్టమైనది, రెసిస్టర్లు నాలుగే ఉన్నవాళ్లకు. అంకెకొక వంతు కాకుండా సెగ్మెంట్‌కొక వంతు తిప్పు. అంటే ఒక క్షణం ఎ సెగ్మెంట్ ఒక్కటే, ఏయే అంకెల్లో ఎ కావాలో ఆ అంకెలన్నిటిలో. తరువాత బి. అలా ఎనిమిది వంతులు, ఒక్కోటి 1 మిల్లీసెకను. ఏ క్షణంలోనూ ఒక అంకెలో ఒకటి కంటే ఎక్కువ సెగ్మెంట్లు వెలగవు కాబట్టి రెసిస్టర్ అంకె వైపు ఉన్నా వెలుగు సమానంగా ఉంటుంది. కానీ అప్పుడు సెగ్మెంట్ పిన్ను నాలుగంకెలకూ ఇవ్వాలి, 220తో అయితే 54 అవుతుంది, వద్దు, 470కి మార్చు, 26 దగ్గర ఆగుతుంది. ఎనిమిదో వంతు టైమే వెలుగుతుంది కాబట్టి కాస్త మసకగా ఉంటుంది.

అమ్మగారు గుమ్మం దగ్గర నుంచి చూడాలి అన్నావు కాబట్టి మొదటిదే చెయ్యమంటాను. నాలుగు ట్రాన్సిస్టర్లు, డజను రెసిస్టర్లు కొన్నా పెద్ద ఖర్చేం కాదు.

రెండుతీగలు:

ఇంత కష్టం ఎందుకు అన్నా? టీఎం1637 మాడ్యూల్ కొనుక్కో, నాలుగంకెల డిస్‌ప్లే, తిప్పే చిప్ రెండూ ఒకే బోర్డు మీద ఉంటాయి, ఆర్డుయినోకు రెండే పిన్నులు, పవర్‌తో కలిపి నాలుగు తీగలు. అంకెలు తిప్పడం చిప్ చూసుకుంటుంది, నీ ప్రోగ్రామ్ పది సెకన్లు నిద్రపోయినా డిస్‌ప్లే మిణకదు. 8 స్థాయుల్లో వెలుగు తగ్గించుకోవచ్చు, రాత్రి తగ్గించి పగలు పెంచుకోవచ్చు.

కొనేటప్పుడు రెండు చూసుకో. గడియారం కోసం చేసినవి ఉంటాయి, మధ్యలో రెండు చుక్కలు ఉంటాయి, వాటిలో చాలావాటికి దశాంశ చుక్కలు కనెక్ట్ అయి ఉండవు, 37.5 అని చూపించలేవు. దశాంశ చుక్కలున్న రకం విడిగా అడిగి తీసుకో. ఇంకోటి, ఐ2సీలా (రెండు తీగల మీదే చాలా సెన్సర్లను కలిపే పద్ధతి) కనిపిస్తుంది కానీ కాదు, దీనికి అడ్రస్ ఉండదు, అందుకని వేరే ఐ2సీ సెన్సర్లతో ఒకే తీగల మీద కలపకు. రెండు డిస్‌ప్లేలు కావాలంటే రెండోదానికి డేటా పిన్ను వేరేది ఇవ్వాలి.

నేను మా మిల్క్ సెంటర్‌లో ఇదే పెట్టాను, ఏడాదిన్నర నుంచి నడుస్తోంది. మధ్యలో ఒక ఇబ్బంది మాత్రం వచ్చింది, పక్కన మోటార్ కాంటాక్టర్ పడినప్పుడల్లా డిస్‌ప్లే మీద పిచ్చి గీతలు వచ్చి అలాగే ఉండిపోయేవి. విలువ మారినప్పుడే రాయకుండా, సెకనుకోసారి నాలుగంకెలూ, వెలుగు కమాండ్ కూడా మళ్లీ పంపేలా మార్చాను. ఇప్పుడు పిచ్చి గీత వచ్చినా సెకనులో తుడిచిపెట్టుకుపోతుంది.

ల్యాబ్_మాస్టారు:

టీఎం1637 మంచిదే, కాదనను. డబ్బు పెట్టి చేయించుకునే పని అయితే నేనూ అదే వాడమంటాను. ఎనిమిదంకెలు కావాలంటే మ్యాక్స్7219 అనే డిస్‌ప్లే చిప్ ఉంది, ఒక్క రెసిస్టర్‌తో అన్ని సెగ్మెంట్ల కరెంట్ నిర్ణయించుకోవచ్చు, అదీ కామన్ క్యాథోడ్‌కే. ఈఎస్‌పీ32 బోర్డుతో కలిపేవాళ్లు ఒకటి చూసుకోవాలి, 5 వోల్టుల మీద నడిచే 7219కు హై అనిపించాలంటే కనీసం 3.5 వోల్టులు రావాలని డేటాషీట్, ఈఎస్‌పీ ఇచ్చేది 3.3. బల్ల మీద నడుస్తుంది, నడిచింది కదా అని పెట్టెలో బిగిస్తే ఒక రోజు నడవదు. మధ్యలో లెవెల్ షిఫ్టర్ పెట్టాలి.

కానీ ఈ అబ్బాయి చేతిలో డిస్‌ప్లే ఆల్రెడీ ఉంది, ప్రోగ్రామ్ రాయడం వచ్చు. టైమర్ ఇంటరప్ట్ ఒకసారి చేతికి వస్తే అదే పద్ధతి రిలేకు, బజర్‌కు, బటన్‌కు అన్నిటికీ పనికొస్తుంది. మా ల్యాబ్‌లో ఎల్‌టీ542 డిస్‌ప్లే, 7447 డీకోడర్ పెట్టి మొదలుపెట్టించేవాళ్లం. ఒక్కో సెగ్మెంట్‌కు చేత్తో తీగ తగిలించి 7 వెలిగించిన పిల్లవాడు ఆ తరువాత ఏ డిస్‌ప్లే ఇచ్చినా డేటాషీట్ చూసి సొంతంగా నడిపేవాడు. అది నా కళ్లారా చూసింది కాబట్టి చెబుతున్నాను.

డిప్లొమా_ఫైనల్‌ఇయర్:

సార్, మధ్యలో అడుగుతున్నందుకు సారీ. మా ప్రాజెక్ట్‌లో 89ఎస్52 (8051 రకం చిప్) ఇచ్చారు. ఇదే కామన్ క్యాథోడ్ డిస్‌ప్లే పోర్ట్ 2కు నేరుగా పెడితే అసలు వెలగట్లేదు, చీకట్లో చూస్తే ఏదో కొంచెం ఎర్రగా ఉంది. ప్రోగ్రామ్ సిమ్యులేషన్‌లో కరెక్ట్‌గానే వస్తోంది.

రాగితీగ:

ప్రోగ్రామ్ కరెక్టే తమ్ముడూ. 8051 పిన్ను హైలో ఉన్నప్పుడు లోపల ఉన్నది బలహీనమైన పుల్అప్ (పిన్నును 5 వోల్టుల వైపు లాగేది) మాత్రమే, బయటికి నెట్టేది మైక్రోఆంపియర్లలో ఉంటుంది, దాంతో ఎల్‌ఈడీ వెలగదు. లోపలికి లాక్కోవడం మాత్రం వచ్చు, పిన్నుకు 10 మిల్లీఆంపియర్లు, కానీ పోర్ట్ 1, 2, 3లో ఒక్కో పోర్ట్ మొత్తానికి 15 దాటకూడదు, ఇది చాలామంది చూడరు. పోర్ట్ 0కు అయితే ఆ పుల్అప్ కూడా లేదు, బయట పెట్టాలి. కాబట్టి కామన్ యానోడ్ తీసుకుని, మధ్యలో యూఎల్‌ఎన్2803 (ఎక్కువ కరెంట్ లోపలికి లాగగల ట్రాన్సిస్టర్ల చిప్) పెట్టి సెగ్మెంట్లను దానితో లాగించు, అంకెలకు బీసీ557 పెట్టు. 2803 లాజిక్‌ను తిరగేస్తుంది, అందుకని కామన్ యానోడ్ అయినా మాస్టారు పైన ఇచ్చిన ఆకారాలే నీకు సరిపోతాయి. ఆ చిప్ ఇన్‌పుట్‌కు కూడా పుల్అప్ కరెంట్ చాలకపోవచ్చు, పోర్ట్‌కు 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ ప్యాక్ ఒకటి 5 వోల్టులకు కట్టు.

పొదిగేపెట్టె:

అందరికీ చాలా థాంక్స్. నాలుగు రోజులు పట్టింది కానీ చేశాను. ఎనిమిది 330లు, నాలుగు బీసీ547లు కొన్నాను. మొదట ట్రాన్సిస్టర్లు వెనక్కి తిప్పి పెట్టాను, అంకెలు ఆరీ ఆరనట్టు వెలిగాయి, రాగితీగ అన్న రాసింది మళ్లీ చదివి సరిచేశాను. టైమర్1 మాస్టారు చెప్పిన లెక్కతోనే, 499.

ఇప్పుడు నాలుగంకెలూ ఒకే వెలుగుతో, అస్సలు కదలకుండా నిలబడ్డాయి. నీడ పోయింది. మా అమ్మ మంచం మీద నుంచే ముప్పై ఏడున్నర అని చదివింది, నాకు ఎంత సంతోషం అనిపించిందో చెప్పలేను.

85 మాత్రం ఇంకా వస్తోంది. నిన్న రాత్రి రెండుసార్లు. రెండుసార్లూ రిలే టక్కుమన్న వెంటనే. ఇంకో ప్రశ్న, తేమ కోసం డీహెచ్‌టీ22 కూడా పెడదామనుకుంటున్నాను, దానివల్ల డిస్‌ప్లేకు మళ్లీ ఏమైనా వస్తుందా?

బెంచ్‌సప్లై:

85 అన్నది పెట్టెలో వేడి కాదు. డీఎస్18బీ20కి పవర్ వచ్చిన వెంటనే దాని మెమరీలో ఉండే మొదటి విలువే అది. రీడింగ్ తయారవక ముందే వెళ్లి చదివితే 85 చేతికొస్తుంది. రిలే టక్కుమన్నప్పుడు వస్తోందంటే, రిలే కాయిల్ లాగే కరెంట్‌కు 5 వోల్టుల లైన్ ఒక్క క్షణం కుంగుతోంది, సెన్సర్ రీసెట్ అయి అడిగిన రీడింగ్ మర్చిపోతోంది, నువ్వు సెకను తరువాత వెళ్లేసరికి 85 ఉంటోంది.

రిలే మాడ్యూల్‌కు ఆర్డుయినో 5 వోల్ట్ పిన్ను నుంచి కాకుండా అడాప్టర్ నుంచి విడిగా తీగలు లాగు, గ్రౌండ్ మాత్రం కలిపే ఉంచు. సెన్సర్ కాళ్ల దగ్గరే 100 నానోఫారడ్ సెరామిక్ కెపాసిటర్, రిలే దగ్గర 470 మైక్రోఫారడ్ ఒకటి పెట్టు. డేటా తీగకు 4.7 కిలో ఓమ్ పుల్అప్ ఉందో లేదో చూడు. 230 వోల్టుల బల్బు తీగలు, సెన్సర్ తీగ ఒకే కట్టలో వెళ్తుంటే విడదీయి. ప్రోగ్రామ్‌లో కూడా 85.00 సరిగ్గా వస్తే దాన్ని వదిలేసి పాత విలువే ఉంచుకో, గుడ్ల పెట్టెలో అది నిజంగా వచ్చే విలువ కాదు. మైనస్ 127 వస్తే మాత్రం సెన్సర్ తీగ ఊడినట్టు, అప్పుడు బల్బులు ఆపి బజర్ కొట్టించు.

డీహెచ్‌టీ22 విషయానికొస్తే, దాని మామూలు లైబ్రరీ 40 బిట్లు చదివే ఆ 4, 5 మిల్లీసెకన్లు ఇంటరప్ట్‌లన్నిటినీ ఆపేస్తుంది. అంటే నీ టైమర్ వంతులు ఒకటి రెండు పోతాయి, చదివిన ప్రతిసారీ ఏదో ఒక అంకె చిన్నగా మెరుస్తుంది. డల్లాస్ సెన్సర్ లైబ్రరీ ఆపేది ఒక్కో బిట్‌కు మహా అయితే 65 మైక్రోసెకన్లే, అందుకే అది కనపడదు. ఐ2సీ తేమ సెన్సర్ దొరికితే అది పెట్టు. లేదంటే డీహెచ్‌టీని నిమిషానికోసారి చదువు, తేమ అంత తొందరగా మారేది కాదు.

ఇంకో సంగతి. ఇది నువ్వు అడగలేదు, కానీ ఇంక్యుబేటర్ కాబట్టి చెప్పకుండా ఉండలేను. ఇంతకుముందు నీ ప్రోగ్రామ్ ఎక్కడైనా ఇరుక్కుంటే అంకెలు ఆగిపోయి వెంటనే తెలిసిపోయేది. ఇప్పుడు అలా తెలియదు. డిస్‌ప్లే తిప్పేది టైమర్, టెంపరేచర్ చూసేది లూప్. లూప్ ఎక్కడో బిగుసుకుపోయినా టైమర్ తన పని తాను చేస్తూనే ఉంటుంది, డిస్‌ప్లే మీద 37.50 అని నిలకడగా కనపడుతూనే ఉంటుంది, వెనకాల బల్బులు ఆన్‌లో ఉండిపోయి పెట్టె 42 దాటినా సరే. అమ్మగారు చూసి అంతా బాగుందనుకుని పడుకుంటారు. టీఎం1637 పెట్టినా ఇదే ప్రమాదం, అది చివరగా రాసింది పట్టుకుని అలాగే చూపిస్తుంది.

అందుకని చివరి అంకె పక్కన చుక్క ఉంది కదా, దాన్ని సెకనుకోసారి వెలిగించి ఆర్పు. ఆ పని ఇంటరప్ట్‌లో పెట్టకు, లూప్‌లో, అదీ సెన్సర్ నుంచి సరైన రీడింగ్ వచ్చిన తరువాతే చుక్క మారాలి. చుక్క ఆడుతుంటే అంకె నమ్మొచ్చు, ఆగితే నమ్మకూడదు. వాచ్‌డాగ్ (అనుకున్న టైమ్‌లోపు దాన్ని రీసెట్ చేయకపోతే బోర్డునే మళ్లీ మొదలుపెట్టేది) కూడా ఆన్ చెయ్యి, 4 సెకన్లకు పెట్టు, దాన్ని రీసెట్ చేసే లైన్ కూడా లూప్‌లోనే ఉండాలి. ఇంటరప్ట్‌లో పెడితే లూప్ చచ్చినా వాచ్‌డాగ్‌కు తెలియదు. ఊనోకు ఇబ్బంది లేదు, పాత బూట్‌లోడర్ (బోర్డు మొదలవగానే ముందు నడిచే చిన్న ప్రోగ్రామ్) ఉన్న నానో (ఊనో లాంటి చిన్న బోర్డు) అయితే వాచ్‌డాగ్ తరువాత రీసెట్లలోనే తిరుగుతూ ఉండిపోతుంది, ఎవరైనా నానోతో చేస్తుంటే ముందు బల్ల మీద పరీక్షించుకోండి. వీటన్నిటితో సంబంధం లేకుండా బల్బుల లైన్‌లో 40 డిగ్రీల దగ్గర తెగే మెకానికల్ థర్మోస్టాట్ ఒకటి సీరీస్‌లో వేసెయ్. ప్రోగ్రామ్ ఎంత బాగా రాసినా అది ఉండాలి.

పొదిగేపెట్టె:

బెంచ్‌సప్లై అన్నా, ఆ చివరి సంగతి నాకు అస్సలు తట్టలేదు. చదివిన వెంటనే లూప్‌లో కావాలని ఒక అంతులేని వైల్ (బయటికి రాకుండా అక్కడే తిరిగే కోడ్) పెట్టి చూశాను. మీరన్నట్టే డిస్‌ప్లే మీద అంకె చెక్కుచెదరలేదు, లోపల పాత పాదరసం థర్మామీటర్ పెడితే పావుగంటలో 40 దాటింది. గుడ్లు ఇంకా పెట్టలేదు కాబట్టి సరిపోయింది.

ఇప్పుడు చుక్క పెట్టాను, వాచ్‌డాగ్ 4 సెకన్లు పెట్టాను, అదే అంతులేని వైల్‌తో మళ్లీ పరీక్షించాను, చుక్క ఆగిన నాలుగో సెకనులో బోర్డు రీసెట్ అయి మళ్లీ మొదలైంది. రిలేకు విడిగా తీగలు లాగాక రెండు రోజులుగా 85 రాలేదు. థర్మోస్టాట్ ఆర్డర్ పెట్టాను, శుక్రవారానికి వస్తుంది, అది బిగించాకే గుడ్లు పెడతాను. అమ్మకు చుక్క చూపించాను, అది ఆడకపోతే ప్లగ్ తీసేసి నాకు ఫోన్ చెయ్యమని చెప్పాను.